గోడకు మడిచే మంచం: కొనాలా, చేసుకోవాలా?

పగలు బీరువాలా గోడకు ముడుచుకొని ఉండి, రాత్రి కిందికి దించితే పడకగా మారే మంచాన్ని మీరు బొమ్మల్లోనో, నగరంలోని బంధువుల ఇళ్లలోనో చూసే ఉంటారు. ఆ మంచం గురించి ఈ మధ్య నన్ను అడిగినవారు తక్కువేమీ కాదు. తయారైనది కొనడం మేలా, వడ్రంగి చేత చేయించడం మేలా, మనమే పనిముట్లు పట్టి చేసుకుంటే పోదా అన్నది వారి సందేహం. ధరల విషయమైతే వైద్యుడి దగ్గరకు రారు కదా. ఇంట్లో డెబ్బై దాటిన తల్లి ఉందనో, భర్తకు నడుము నొప్పి ఉందనో చెప్పి, ‘మావంటి వాళ్లకు అది పనికొస్తుందా డాక్టరు గారూ’ అంటారు. ఈ సంవత్సరం ఆ సందేహం మా ఇంటికే వచ్చింది. కొంత చదివి, కొంత కొలిచి, కొంత తూచి నేను తేల్చుకున్న సంగతులను మీ ముందు ఉంచుతున్నాను.

మా ఇల్లు యాదగిరిగుట్ట కింద ఉంది. రెండు గదులు, ఒక వంటిల్లు. ముందరి గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, రక్తపీడనం చూసే పరికరం, బరువు తూచే యంత్రం ఉంటాయి. ఉద్యోగ విరమణ చేసినా ఇరుగుపొరుగువారు వచ్చి చూపించుకొని వెళుతుంటారు. లోపలి గదిలో రెండు మంచాలు, మా దంపతులకు. పునర్నిర్మించిన ఆలయంలో 2022 మార్చి 28న దర్శనాలు మొదలైన తరువాత ఊరికి రాకపోకలు పెరిగాయి, మా ఇంటికి బంధువుల రాక కూడా పెరిగింది. స్వాతి స్వామివారి జన్మనక్షత్రం. ప్రతి నెలా ఆ రోజున గిరిప్రదక్షిణకు మునుగోడు వైపు పల్లె నుంచి మా అక్కయ్య వస్తుంది, నాలుగైదు రోజులు ఉండి వెళుతుంది. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. ఇక్కడి స్వామిని జనం వైద్య నారసింహుడంటారు. అక్కయ్యకు నా మాత్రలకన్న ఆయన మీదే గురి ఎక్కువ. మాత్రలు మానకుండా ఉన్నంతవరకు నాకూ అభ్యంతరం లేదు.

అక్కయ్య వచ్చినప్పుడు నా మంచం ఆమెది. నాకు ముందరి గదిలో చాప. డెబ్బైకి రెండేళ్లు తక్కువైన నాకు చాప మీద పడుకోవడం కష్టం కాదు కాని, రాత్రి రెండు సార్లు దాని మీదినుంచి లేవడం కష్టమే. ముందరి గదిలో మరొక మంచం వేద్దామంటే, పొద్దున రోగులు వచ్చేసరికి అది అక్కడ కనిపించకూడదని మా ఇంటావిడ పట్టు. అందుకే గోడమంచం ఆలోచన వచ్చింది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి తయారైన మంచం ధర కనుక్కొని, బిగింపుతో సహా 78 వేలన్నాడు. చౌటుప్పల్‌లో మోటార్ల వైండింగు పని చేసుకునే మా మేనల్లుడు ఆ అంకె విని నవ్వాడు. ‘అన్ని పైసలెందుకు మామా, ప్లైవుడు తెస్తే నేనే చేస్త, పద్దెనిమిది వేలల్ల అయిపోతది’ అన్నాడు. పనితనం ఉన్న పిల్లవాడే, మాట తీసిపారేయదగింది కాదు.

నిజానికి గోడకు ఆనే మంచం మనకు కొత్త కాదు. తెల్లవారగానే నులక మంచాన్నో నవారు మంచాన్నో ఎత్తి వసారాలో గోడకు నిలబెట్టని ఇల్లు మన పల్లెల్లో ఒకప్పుడు ఉండేది కాదు. పదేళ్ల పిల్లవాడు ఒక కోడు పట్టుకుంటే చాలు, లేచేది. జారి పడితే మోచేయి గీసుకుపోయేది, అంతే. పడమటి దేశాల్లో ఈ ఆలోచన బీరువా రూపం దాల్చింది. షికాగోలో శారా గూడ్ అనే నల్లజాతి వనిత, మడిస్తే బల్లగా మారే మంచానికి 1885లోనే పేటెంటు పొందింది. ఆ తరువాత శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన విలియం మర్ఫీ గోడకు మడిచే మంచాన్ని వ్యాపారంగా సాగించాడు. ఆ దేశంలో అది ఆయన పేరుతోనే స్థిరపడింది. 1916లో చార్లీ చాప్లిన్ ‘వన్ ఏ.ఎం.’ అనే చిన్న చిత్రంలో ఇటువంటి మంచంతో కుస్తీ పట్టాడు. అది చూసి నవ్వుకోండి గాని, ఆ మంచం ఆయనను పెట్టిన తిప్పలన్నీ నిజజీవితంలోనూ సంభవించగలవని గుర్తుంచుకోండి. నులక మంచానికీ దీనికీ ఉన్న అసలు తేడా బరువు.

ఆ బరువెంతో తెలుసుకోకుండా కొనడమూ చేయడమూ రెండూ తగవు. మేము రోగుల కోసం పెట్టిన యంత్రం మీదే తూచాము. మేనల్లుడు ముందు ఒక్కడే నిలబడ్డాడు, తరువాత పరుపును కౌగిలించుకొని నిలబడ్డాడు. తేడా 17 కిలోలు. అది ఒక్కరు పడుకునే కొబ్బరిపీచు పరుపు. పందొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడు పలక, చుట్టూ చట్రం, పైకి కనిపించే ముందు పలక కలిపి అన్నీ లెక్కవేస్తే, లేచే భాగం 58 కిలోలకు వచ్చింది. ఒక అంచున కీలు ఉండి, రెండవ అంచు పట్టుకొని ఎత్తేటప్పుడు దాదాపు సగం బరువు చేతుల మీద పడుతుంది. అంటే 29 కిలోలు. అమెరికాలో వృత్తిపరమైన భద్రత మీద పరిశోధించే నియోష్ సంస్థ బరువులెత్తే పనికి ఒక సూత్రం ఇచ్చింది. బరువు శరీరానికి దగ్గరగా ఉండి, నడుము మెలిపడకుండా, అన్నీ అనుకూలించినప్పుడు సైతం 23 కిలోలు దాటకూడదని దాని సారం. వంగి, నేలకు దగ్గరగా ఉన్న అంచును అందుకొని ఎత్తేటప్పుడు ఆ పరిమితి ఇంకా తగ్గుతుంది. మేనల్లుడు గీసుకొచ్చిన నమూనాలో మామూలు కీళ్లు తప్ప బరువును మోసే ఏర్పాటేదీ లేదు. అతని వయసుకు అది చాలు. రోజూ ఆ మంచం ఎత్తవలసినది అతను కాదు.

ఇక్కడ మన ప్రాంతపు వెన్నెముకల గురించి కొంత చెప్పాలి. గోడమంచం గురించి నగరవాసులకు ఇచ్చే సలహా మనకు యథాతథంగా సరిపోకపోవడానికి అదే కారణం.

ఉమ్మడి నల్గొండ జిల్లా పేరు చెప్పగానే వైద్యలోకానికి ఫ్లోరోసిస్ గుర్తుకొస్తుంది. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నం కలిపి తగ్గించే ఒక పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు మన జిల్లా పేరే పెట్టారు. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడు ఉండకూడదనీ, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు సహించవచ్చుననీ మన దేశపు ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పల్లెల్లో దానికి ఎన్నో రెట్లున్న బోరు నీటిని జనం తరాలుగా తాగారు. ఆ నీరు ముందు పళ్ల మీద మచ్చలు పెడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలోకి చేరుతుంది. ఎక్స్‌రే తీస్తే ఎముక తెల్లగా, దట్టంగా కనబడుతుంది. చూసినవారు ‘గట్టి ఎముక’ అనుకుంటారు. దట్టమైనదే కాని దృఢమైనది కాదు, పెళుసుగా మారుతుంది. కీళ్ల చుట్టూ ఉన్న స్నాయువుల్లో సున్నం పేరుకొని, ఒక్కొక్క పూస పక్క పూసతో అతుక్కుపోయినట్లవుతుంది. అటువంటివారు మెడ తిప్పి పక్కకు చూడలేరు, ఒళ్లంతా తిప్పాలి. నడుము వంచి కిందపడిన గ్లాసు తీయలేరు. పూసల మధ్య దారి ఇరుకై వెన్నుపాము నొక్కుకుంటే కాళ్లు పట్టు తప్పుతాయి. ఇప్పుడు మిషన్ భగీరథ కుళాయిల్లో శుద్ధి చేసిన నదీజలం వస్తున్నది. కొత్త తరానికి అది రక్ష. అయితే ఇప్పటికే బిగుసుకుపోయిన వెన్నెముక మంచి నీటితో మెత్తబడదు.

మా అక్కయ్య అటువంటివారిలో ఒకతె. గోడమంచం దించే పనిని ఆమె శరీరంతో ఊహించి చూడండి. చేతిని తల కన్నా ఎత్తుకు చాచి పిడి పట్టాలి. భుజాలు అంత పైకి లేవవు. దించుతూ వెనక్కి అడుగులు వేయాలి. మెడ తిరగదు కాబట్టి వెనుక కుర్చీ ఉన్నదో మనుమరాలి చెప్పులున్నాయో కనబడదు. చివరి మూరెడు దూరం వంగి దించాలి. నడుము వంగదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా 58 కిలోలు ఎటు పోతాయో చెప్పనక్కర లేదు. మంచం బొమ్మ చూపించినప్పుడు ఆమె ఇవన్నీ లెక్కపెట్టలేదు. ‘నాకా గోడమంచమొద్దు తమ్మీ, పండుకుంటే అది మల్ల లేస్తదేమో అన్న బుగులే ఉంటది’ అంది. ఆ భయం నిరాధారమైనది కాదు.

ఎందుకంటే, బరువును మోసే ఏర్పాటు సరిగా కుదరకపోతే మంచం పడడమే కాదు, లేవనూ లేస్తుంది. తయారైన మంచాల్లో ఉక్కు స్ప్రింగులో, మన వడ్రంగులు ‘హైడ్రాలిక్’ అని పిలిచే గ్యాసు గొట్టాలో ఉంటాయి. నిజానికి ఆ గొట్టంలో బరువును మోసేది నూనె కాదు, ఒత్తిడితో నింపిన నైట్రోజన్ వాయువు. మంచం దించుతుంటే వాయువు నొక్కుకొని బరువును మోస్తుంది, ఎత్తుతుంటే వ్యాకోచించి చేయూతనిస్తుంది. ఆ బలం మంచం బరువుకు సరితూగితే వేలితో కదిలించినట్లు కదులుతుంది. బలం తక్కువైతే మంచం చేతిలో నుంచి జారి ధడాలున పడుతుంది. ఎక్కువైతే పరుపు తీసిన రోజున దానంతట అదే పైకి తన్నుకొస్తుంది. వంగి దుప్పటి సర్దుతున్నవారి దవడకు తగిలే ఎత్తు అది. పరుపు మార్చిన ప్రతిసారీ ఈ తూకం మారుతుందని గుర్తుంచుకోండి. వాయువు కాబట్టి వేడికి బలం పెరుగుతుంది కూడా. చలికాలపు వేకువలో పన్నెండు డిగ్రీలకూ, మన ఎండాకాలపు మధ్యాహ్నం నలభై నాలుగుకూ మధ్య దాదాపు 11 శాతం తేడా వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ వాయువు కొద్దికొద్దిగా కారి బలం తగ్గడం కూడా సహజం. ఈ భాగాన్ని ఇంట్లో తయారు చేయలేము, చేయబోకూడదు. ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోల వరకు మోస్తుందో రాసి ఉన్నదాన్ని, మంచం తూచిన తరువాత కొనాలి.

కదిలే భాగం సంగతి ఇది. కదలని భాగం, అంటే గోడ సంగతి, నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యం.

మా వీధిలోని వడ్లాయనను పిలిపించాము. ఆయన కొలత టేపు తీయడానికి ముందు సుత్తి పిడితో గోడలన్నీ కొట్టి విన్నాడు. నేను రోగి వీపు మీద వేళ్లతో తట్టి ఊపిరితిత్తులను విన్నట్లే ఉంది ఆ పని. ఉత్తరపు గోడ మా నాన్నగారి కాలం నాటిది, రాతికీ రాతికీ మధ్య మట్టి పెట్టి కట్టింది. పడమటి గోడ గది పెంచినప్పుడు తెల్లటి లైట్‌వెయిట్ ఇటుకలతో కట్టింది. తూర్పున ఒక్క గోడే కాల్చిన ఎర్ర ఇటుక, సిమెంటు పని. మేనల్లుడికి నచ్చినది పడమటి గోడ. ‘ఆ గోడ బోల్టును పట్టది సార్. ఇయ్యాల బిగుస్తది, ఆర్నెల్లకు గిట్టితోని బయటికొస్తది’ అన్నాడు వడ్లాయన. మాటలో నిజముంది. విస్తరించి పట్టే మామూలు బోల్టు, గట్టి ఇటుకనూ కాంక్రీటునూ ఒరుసుకొని నిలుస్తుంది. తేలిక ఇటుక లోపల నురగలాగా బుడగలమయం. బోల్టు విప్పారేకొద్దీ దాని చుట్టూ పొడి రాలుతుంది. అటువంటి గోడకు జిగురు రసాయనంతో నింపే ప్రత్యేకమైన బోల్టులు వేయాలి, లేదా గోడకు ఆవలి వైపు ఇనుప పట్టీ పెట్టి ఆరపార బిగించాలి. మట్టి గోడలో రాతికి తగిలితే అదృష్టం, మట్టికి తగిలితే దురదృష్టం. అదృష్టం మీద మంచం వేలాడదీయలేము.

బోల్టు మీద ఎంత బలం పడుతుందో లెక్క కట్టి చూస్తే నాకు ఆశ్చర్యం కలిగింది. నిలువుగా లేచే మంచంలో పెట్టె లోతు నలభై సెంటీమీటర్లు. మంచం దిగుతూ కాళ్లు నేలను తాకే ముందు క్షణంలో, దాని బరువంతా కేంద్రీకరించే చోటు పెట్టె ముందంచు దాటి అరవై సెంటీమీటర్లు ముందుకొస్తుంది. పెట్టె బరువు 45 కిలోలనుకుంటే, దాన్ని ముందుకు పడదోసే బలం నిలబెట్టే బలానికి నాలుగింతలకు దగ్గర. మన చెయ్యీ గోడ బోల్టులూ తప్ప దాన్ని ఆపేది లేదు. అయినా రెండు మీటర్ల ఎత్తున ఉన్న బోల్టుల మీద పడే లాగుడు మొత్తం పదమూడు కిలోలే. అందుకే మొదటి రోజు ఏ గోడలో వేసినా, ప్లాస్టిక్ గిట్టీలో మర వేసినా మంచం నిలుస్తుంది. అందరూ సంతోషిస్తారు. కాళ్లు పూర్తిగా విప్పకముందే డెబ్బై కిలోల మనిషి చివర కూర్చుంటే ఆ పదమూడు అరవై అయిదవుతుంది. పిల్లవాడు ఎగిరి కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. రోజుకు రెండు సార్ల చొప్పున ఏడాదికి ఏడు వందల సార్లు లాగి వదిలితే, పట్టు వదులయ్యేది కొంచెం కొంచెంగా, కంటికి కనబడకుండా. దంతం కదిలినట్లు.

‘తయారైనది కొంటే ఈ బెడద ఉండదు కదా’ అంటారేమో. 2022 ఏప్రిల్‌లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం, కెనడాకు చెందిన బెస్టార్ అనే సంస్థ గోడమంచాలను వెనక్కి పిలిపించింది. ఆ దేశంలో అమ్ముడైనవి దాదాపు 1,29,000. గోడకు సరిగా బిగించకపోతే మంచం ఊడి మీద పడే ప్రమాదం ఉందన్నది కారణం. 2018లో డెబ్బై తొమ్మిదేళ్ల వృద్ధురాలు, మంచం మీద పడి వెన్నెముక దెబ్బతిని మరణించింది. పెట్టె కర్మాగారంలో తయారై ఉండవచ్చు, గోడ మాత్రం ఎవరి ఇంటి గోడ వారిదే. ఆ గోడకు ఏ బోల్టు వేయాలో పెట్టెతో పాటు వచ్చిన కాగితం చెప్పలేదు, గోడను తట్టి చూసిన మనిషే చెప్పాలి. నగరం నుంచి అరవై కిలోమీటర్లు వచ్చి ఒక గంటలో బిగించి వెళ్లే కుర్రవాడికి తన డ్రిల్లు తెలుసు, మన గోడ తెలియదు. కాబట్టి కొన్నా, చేయించినా, ‘మా గోడ దేనితో కట్టింది, దీనికి మీరు వేసే బోల్టు ఏది’ అని అడగండి. సమాధానం చెప్పలేనివారి చేత రంధ్రం వేయించకండి.

కొన్నదానికి న్యాయంగా ఇవ్వవలసిన మార్కులు ఇవ్వాలి. మడత మంచాలకు ఐరోపాలో 1995 నుంచి ఈఎన్ 1129 అనే భద్రతా ప్రమాణం ఉంది. పేరున్న తయారీదారులు కీళ్లనూ గొట్టాలనూ వేలసార్లు తెరిచి మూసి పరీక్షిస్తారు. మేనల్లుడి ప్లైవుడు నమూనాకు ఆ పరీక్ష చేసేది మా వెన్నెముకలే. అయితే మాకు చూపిన తయారీ మంచంలో పెట్టె అంతా పార్టికల్ బోర్డు, అంటే రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. దీనితో వైద్యుడిగా నాకు రెండు అభ్యంతరాలు. మర ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే అది పట్టు పోగొట్టుకుంటుంది. రెండవది వాసన. ఆ జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ కళ్లు మండిస్తుంది, గొంతు గరగరలాడిస్తుంది, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెస్తుంది. అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 2004లో దానిని మనుషులకు కేన్సరు కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. భయపడవలసిన పని లేదు. తక్కువ వాయువును వదిలే పలకలకు ‘ఈ1’, ‘ఈ0’ అనే గుర్తులుంటాయి. అడిగి తీసుకోండి. కొత్త మంచాన్ని రెండు వారాలు కిటికీలు తెరిచి, పరుపు లేకుండా, దించి ఉంచండి. చెదల మందు పూయించిన చెక్కకూ ఇదే నియమం. ఊపిరాడే గదిలో మందు ఆరేదాకా ఎవరూ పడుకోకూడదు.

వడ్లాయన మరొక మాట అన్నాడు, అది మా సమస్యనంతా మార్చివేసింది. ‘నిలువుగనే ఎందుకు సార్, అడ్డంగ మడుద్దాం’ అన్నాడు. అంటే కీలు తలవైపున కాక, పొడవాటి పక్క అంచున. పెట్టె నిలువెత్తు బీరువాలా కాక నడుమెత్తు అరలా ఉంటుంది, పైన కిటికీ యథాతథంగా ఉంటుంది. ఒక్కరు పడుకునే మంచానికి ఇది ఎంత తేడా తెస్తుందో చూడండి. మంచం దిగినప్పుడు బరువు కేంద్రం పెట్టె ముందంచు దాటేది పది సెంటీమీటర్లే. పెట్టె తన బరువుతోనే దాదాపు నిలబడగలదు, బోల్టులు అదనపు రక్ష. పొరపాటున జారినా ఆ కేంద్రం పడే ఎత్తు గజం కాదు, మూరెడే. పిడి తలపైన కాక రొమ్ము ఎత్తున ఉంటుంది, భుజం లేవనివారికీ అందుతుంది. గోడ పొడవునా రెండు మీటర్ల చోటు కావాలి, అదొక్కటే ఇబ్బంది. ఇద్దరు పడుకునే వెడల్పు మంచానికి ఈ లాభాలు చాలావరకు పోతాయి.

పరుపు గురించి ముక్తసరిగా చెబుతాను. మన దూది పరుపు దీనికి పనికిరాదు. ఏటవాలుగా నిలబెడితే దూదంతా కిందికి జారి ఒకవైపు దిండులా, ఒకవైపు దుప్పటిలా తయారవుతుంది. పీచుదైనా ఫోముదైనా పన్నెండు పదిహేను సెంటీమీటర్ల మందం చాలు, రెండు పట్టీలతో చట్రానికి కట్టాలి. లేవగానే మడవకూడదు. రాత్రంతా ఒంటి చెమట తాగిన పరుపును చీకటి పెట్టెలో మూస్తే బూజూ, దుమ్ముపురుగులూ, నల్లులూ సుఖంగా కాపురం పెడతాయి. పళ్లు తోముకొని, టీ తాగి, పేపరు చదివిన తరువాత మడవండి.

ఇక రాత్రి లేవడం. మెట్టు తప్పి పడడం, స్నానాలగదిలో జారడం, మంచం దిగుతూ కూలబడడం వంటివాటి వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అరవై దాటినవారే అధికం. మంచం మీద కూర్చున్నప్పుడు అరికాళ్లు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి, తుంటి మోకాలి కన్నా కొంచెం ఎత్తులో ఉండాలి. మనవారిలో చాలామందికి పరుపుతో కలిపి నలభై అయిదు నుంచి నలభై ఎనిమిది సెంటీమీటర్లు సరిపోతుంది. తయారైన గోడమంచాలు కొన్ని అంతకన్న తక్కువ ఎత్తున దిగుతాయి, కొనేముందు టేపుతో కొలవండి. రక్తపోటుకో, ప్రోస్టేటుకో మందులు వాడేవారికి లేచి నిలబడగానే పై రక్తపీడనం ఇరవై పాయింట్లు పడిపోవచ్చు, కళ్లు చీకట్లు కమ్మవచ్చు. మామూలు మంచానికి తలవైపు కమ్మీ ఉంటుంది, చేయి వేసి నిలదొక్కుకోవచ్చు. గోడమంచానికి అది ఉండదు. కాళ్ల వైపో పక్కనో గోడకు ఒక ఉక్కు కమ్మీ బిగించి, నేలకు దగ్గరగా చిన్న దీపం పెట్టుకోవాలి. కమ్మీని మంచం పెట్టెకు బిగించకండి, గోడకే బిగించండి.

మేము చేసింది ఇది. కీళ్లూ గ్యాసు గొట్టాలూ కాళ్లూ కలిసి వచ్చే సామగ్రిని కొన్నాము. పెట్టెను వడ్లాయన తూర్పు గోడకు అడ్డంగా, నీటికి తట్టుకునే ప్లైవుడుతో చేశాడు. మేనల్లుడు రంధ్రాలు వేసి, బోల్టులు బిగించి, అంచులకు ఇసుక కాగితం పట్టాడు. అతని ముచ్చటా తీరింది. అంతా కలిపి నలభై ఒక్క వేలు. ఇది 78 వేల మంచానికన్న అన్ని విధాలా మేలని చెప్పను. ఊళ్లో గోడ తెలిసిన వడ్రంగి దొరకనివారికి, అద్దె ఇంట్లో ఉన్నవారికి కొనుక్కొని, బిగింపు దగ్గర నిలబడి చూసుకోవడమే మంచిది. కీళ్లు మాత్రం కొని మిగతాదంతా మనమే చేసుకోవచ్చునా అంటే, ఒక్కరి మంచం, అడ్డం మడత, ఎర్ర ఇటుక గోడ ఉంటే చేసుకోవచ్చు. నిలువు మడత డబుల్ మంచాన్ని ఇంట్లో చేసుకోవద్దనే చెబుతాను.

ఆ మంచం మీద పడుకునేది నేనే. అక్కయ్యకు లోపలి గదిలోని నా పాత మంచమే, కోళ్ల కింద చెక్క దిమ్మెలు పెట్టి నలభై ఏడు సెంటీమీటర్లకు ఎత్తించాము. వెన్ను బిగుసుకున్నవారికి, తుంటి విరిగి అతికినవారికి, పార్కిన్సన్స్ ఉన్నవారికి, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవారికి, మతిమరుపు జబ్బు ఉన్నవారికి గోడమంచం కొన్నదైనా చేసినదైనా వద్దు. ఇల్లు ఎంత ఇరుకైనా వారి మంచం వారికి ఎప్పుడూ దించి ఉండాలి. పగలు గది వెలితిగా కనబడడం కోసం వారి పడకను మడవడం, వారిని రోజంతా కుర్చీలో కూర్చోబెట్టడం నేను కొన్ని ఇళ్లలో చూశాను. మధ్యాహ్నం నడుము వాల్చాలనిపించినా అడగలేక ఊరుకునే పెద్దలు మీ ఇంట్లోనూ ఉండవచ్చు.

గుట్ట కింద గదులు అద్దెకిచ్చేవారు ఇద్దరు ముగ్గురు మా మంచం చూసి వెళ్లారు. వారికి చెప్పిందే మీకూ చెబుతాను. రోజుకొక కుటుంబం దిగే గదిలో ఇది పెట్టదలిస్తే, దించే పద్ధతిని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాలి. పిల్లల వేళ్లు కీళ్ల మధ్య నలగకుండా పక్కల రేకు మూతలు వేయించాలి. మడిచినప్పుడు తాళం పడే గొళ్లెం, చిన్నపిల్లలకు అందని ఎత్తున ఉండాలి. మడిచే ముందు దుప్పటి ఎత్తి చూడాలి, నిద్రపోతున్న పసిబిడ్డ దాని కింద ఉండవచ్చు.

బోల్టులను బిగించిన నెలకు ఒకసారి, ఆ తరువాత ఆరు నెలలకొకసారి పానాతో పరీక్షించండి. పావు చుట్టైనా తిరిగితే గోడ వదులుతున్నదని అర్థం. గొట్టాల సంగతి తెలుసుకోవడం ఇంకా తేలిక. మంచాన్ని సగం దించి, చెయ్యి దగ్గరగానే ఉంచి మెల్లగా పట్టు సడలించండి. అక్కడే ఆగితే బాగున్నట్లు. కిందికి జారుతున్నా, పైకి లాగుతున్నా గొట్టాలు మార్చే రోజు వచ్చింది, రెండింటినీ ఒకేసారి మార్చండి.